ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ మోడెమ్‌కి లినక్స్ డ్రైవర్: ముందు కోడెక్ ఎవరిదో చూడండి

మీరు అడిగింది ఇదీ: 2004 నాటి సెంట్రినో ల్యాప్‌టాప్, 32 బిట్ డెబియన్ 11. మెషీన్‌లోని పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే "ఇంటెల్ 82801డీబీ, ఏసీ97 మోడెమ్ కంట్రోలర్" అని వస్తోంది. ఇంటెల్ అని ఉంది కదా అని ఇంటెల్ 537 డ్రైవర్ సోర్స్ సంపాదించి కంపైల్ చేస్తే తెర నిండా ఎర్రర్లే. మోడెమ్‌ని వెతికి డయలర్‌కి కాన్ఫిగ్ రాసిపెట్టే డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ మోడెమే లేదంటోంది. మీకు కావలసింది మావయ్యగారి ఆఫీసు ల్యాండ్‌లైన్ మీద ఫ్యాక్స్ పంపడం, కుదిరితే ఇంకో ఊళ్లో ఉన్న పాత మెషీన్‌కి ఫోన్ లైన్ మీదే డయల్ చేసి లాగిన్ అవడం.

టెన్షన్ పడకండి, మీ కేసు అంత కష్టమైనదేమీ కాదు. కమాండ్లన్నీ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. కింద వచ్చే టీటీవైఎస్‌ఎల్0లో ఎస్‌ఎల్, టీటీవైఏసీఎం0లో ఏసీఎం మాత్రం పెద్దక్షరాలు.

ముందు ఆ ఇంటెల్ 537 డ్రైవర్‌ని డిలీట్ చేసేయండి. అది వేరే వస్తువు కోసం రాసింది. 536ఈపీ, 537ఈపీ అనేవి ఇంటెల్ చిప్ ఉన్న పీసీఐ మోడెమ్ కార్డులు. వాటి ఐడీలు 8086:1040, 8086:1080. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది కార్డు కాదు, మదర్‌బోర్డ్ చిప్‌సెట్‌లో ఉన్న ఒక దారి మాత్రమే. సౌండ్ ఏ పద్ధతిలో బయటికి వెళ్తుందో, మోడెమ్ శాంపిల్స్ కూడా అదే ఏసీ97 లింక్ మీద వెళ్తాయి. ఆ లింక్ చివర ఒక చిన్న డాటర్ కార్డ్ ఉంటుంది. ల్యాప్‌టాప్ అడుగున మూత తీస్తే రెండు స్క్రూలతో బిగించి, సన్నటి వైరుతో ఫోన్ సాకెట్‌కి కలిపిన అరచేతిలో సగం కూడా లేని బోర్డు కనిపిస్తుంది. దాన్నే ఎండీసీ అంటారు. ఫోన్ లైన్‌తో మాట్లాడే కోడెక్ అనే చిప్ దాని మీద ఉంటుంది, అది ఇంటెల్‌ది కాదు. సిలికాన్ ల్యాబ్స్‌దో, కోనెక్సాంట్‌దో, అగేర్‌దో అయి ఉంటుంది. ఒకే మోడల్ ల్యాప్‌టాప్ రెండు కొంటే రెండింట్లో వేర్వేరు ఎండీసీలు ఉండొచ్చు. అందుకే "ఫలానా మోడల్‌కి ఏ డ్రైవర్" అని వెతికితే ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయదు. "నాకు పనిచేసింది" అన్నవాడు అబద్ధం చెప్పలేదు, వాడి బోర్డు వేరు.

కోడెక్ పేరు తెలుసుకోవడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. రూట్‌గా మోడ్‌ప్రోబ్ ఎస్‌ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం అని కొట్టండి. చివర ఉన్న ఎం ముఖ్యం, అది లేకపోతే అది సౌండ్ డ్రైవర్. ఆ మాడ్యూల్ లోడయ్యాక, ప్రాక్ కింద ఏసౌండ్ డైరెక్టరీలో కార్డ్స్ అనే ఫైల్ చూస్తే రెండో కార్డుగా మోడెమ్ అని కనిపించాలి. తర్వాత ఆ కార్డు డైరెక్టరీలోకి వెళ్లి, కోడెక్97తో మొదలయ్యే ఫోల్డర్‌లో ఎంసీ97తో మొదలయ్యే ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో తెర మీద చూడండి. మొదటి లైన్లోనే అసలు సంగతి ఉంటుంది. "సిలికాన్ ల్యాబొరేటరీ ఎస్‌ఐ3036" అని వస్తే మీ అదృష్టం బాగున్నట్టే. కోనెక్సాంట్ అనో, అగేర్ లేదా లూసెంట్ అనో వస్తే కథ వేరు, దాని గురించి కింద చెప్తాను.

మీ తర్వాత ఈ జవాబు చదివేవాళ్లలో కొంచెం కొత్త మెషీన్లు ఉన్నవాళ్లూ ఉంటారు. 2006 తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఏసీ97 పోయి హెచ్‌డీఏ అనే కొత్త సౌండ్ పద్ధతి వచ్చింది. వాటిలో ఎల్‌ఎస్‌పీసీఐలో మోడెమ్ అన్న మాటే కనపడదు, సౌండ్ ఒక్కటే కనపడుతుంది. మోడెమ్ లేదనుకోకండి. ఏసౌండ్ డైరెక్టరీలో కార్డ్0 కింద కోడెక్#0, కోడెక్#1 అని ఫైళ్లుంటాయి. వాటిలో దేంట్లో ఎంఎఫ్‌జీ అనే లైన్ ఉందో అదే మోడెమ్. దాని వెండర్ ఐడీ 10573055, 10573155 లాంటిదైతే, పేరు మోటరోలాది అయినా లోపలున్నది సిలికాన్ ల్యాబ్స్ ఎస్‌ఐ3054 కుటుంబమే. 14ఎఫ్1తో మొదలైతే కోనెక్సాంట్. 11సీ1తో మొదలైతే మొత్తం నంబర్ చూడాలి: 11సీ13055 అయితే ఎస్‌ఐ3054 దారిలోనే వెళ్తుంది, 11సీ11040 అయితే అగేర్ సొంత డ్రైవర్ కావాలి. మొదటి నాలుగు అంకెలు చూసి నిర్ణయించుకుంటే ఇక్కడే దెబ్బతింటారు.

ఎందుకింత గొడవ అంటే, మామూలు హార్డ్‌వేర్ మోడెమ్‌లో మూడు పనులుంటాయి. ఫోన్ లైన్‌ని పట్టుకునే సర్క్యూట్, శబ్దాన్ని బిట్లుగా మార్చే సిగ్నల్ ప్రాసెసర్, ఏటీ కమాండ్లు అర్థం చేసుకునే కంట్రోలర్. సాఫ్ట్‌వేర్ మోడెమ్‌లో మొదటిదొక్కటే బోర్డు మీద ఉంటుంది, మిగతా రెండూ మీ సీపీయూ నెత్తిన పడతాయి. లూసెంట్ ఎల్‌టీ లాంటి కొన్నిటిలో సిగ్నల్ ప్రాసెసర్ కార్డు మీదే ఉండి కంట్రోలర్ మాత్రమే సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. ఇలా ఒక్కో మోడెమ్ మీద కొంత ఖర్చు మిగిలింది. కానీ వీ.34, వీ.90 లాంటి ప్రమాణాలను నడిపే ఆ సిగ్నల్ కోడ్‌ని ఏ కంపెనీ బయటపెట్టలేదు. లినక్స్‌కి ఇచ్చినవాళ్లు కూడా కంపైల్ చేసిన ముద్దగానే ఇచ్చారు.

ఇన్నేళ్లుగా వీటితో కుస్తీ పట్టాక నేను మోడెమ్ డ్రైవర్ చూడగానే అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ మూసిన ముద్ద ఎక్కడ కూర్చుంది? కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ గుండెకాయ) లోపలా, బయటా? లినక్స్ కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి, మారవని ఎవరూ మాట ఇవ్వలేదు కూడా. కెర్నల్ లోపల కూర్చున్న ముద్దకి చుట్టూ ఒక పల్చటి సోర్స్ తొడుగు ఉంటుంది, కెర్నల్ మారినప్పుడల్లా ఆ తొడుగుని ఎవరో ఒకరు సరిచేస్తూ ఉండాలి. కంపెనీ వదిలేసిన రోజే ఆ డ్రైవర్ పని అయిపోయింది. అదే ముద్ద యూజర్ ప్రోగ్రామ్‌గా బయట నడుస్తూ, కెర్నల్‌లో ఉన్న ఓపెన్ డ్రైవర్‌తో మాట్లాడితే, కెర్నల్ ఎన్నిసార్లు మారినా దానికి నొప్పి లేదు. స్మార్ట్ లింక్ వాళ్ల ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ ఇలాంటిదే. 2011 నాటి 2.9.11 వెర్షన్ ఈ కారణం వల్లే ఇంకా బతికుంది. ఎంతగా అంటే, డీ-మోడెమ్ అనే ప్రాజెక్ట్‌లో అదే ముద్దని ఇంటర్నెట్ మీద నడిచే సిప్ ఫోన్‌కి తగిలించి, మోడెమ్ హార్డ్‌వేరే లేకుండా డయల్ చేస్తున్నారు. మంచి డిజైన్ అని పొగిడితే స్మార్ట్ లింక్ వాళ్లే ఆశ్చర్యపోతారేమో.

ఈ లెక్కన మిగతావాటి సంగతి త్వరగా తేలిపోతుంది. కోనెక్సాంట్‌కి హెచ్‌ఎస్‌ఎఫ్‌మోడెమ్, కెనడాకి చెందిన లినక్సాంట్ ఇచ్చింది. ముద్ద కెర్నల్‌లోనే. ఉచిత వెర్షన్‌లో వేగం 14.4 కేబీపీఎస్ దాటదు, ఫ్యాక్స్ ఉండదు, పూర్తి వెర్షన్‌కి లైసెన్స్ కొనాల్సి వచ్చేది. డెల్ తన ల్యాప్‌టాప్‌ల కోసం ఆ హద్దులు లేని ప్యాకేజీ ఇప్పించింది, కానీ అది ఆనాటి ఉబుంటు కెర్నల్స్‌కే. అగేర్‌కి ఏజీఆర్‌ఎస్‌ఎం, అదీ కెర్నల్‌లోనే. మోటరోలా ఎస్‌ఎం56 పీసీఐ కార్డు డ్రైవర్ 2.4 కెర్నల్ దగ్గరే ఆగిపోయింది. పాత లూసెంట్ ఎల్‌టీ కార్డులకి మార్షియన్ అనే డ్రైవర్ తెలివిగా ముద్దని బయటికి తెచ్చింది కానీ, దాని కెర్నల్ ముక్క మెయిన్ కెర్నల్‌లో చేరలేదు కాబట్టి పాత కెర్నల్ తప్పదు. వీటిలో ఏదైనా మీకు తగిలితే, కొత్త డిస్ట్రో మీద ప్యాచ్‌లు వెతుక్కుంటూ శని, ఆదివారాలు పాడుచేసుకోకండి. ఉబుంటు 8.04 లాంటిది, 2.6.24 కెర్నల్‌ది, వేరే పార్టిషన్‌లో వేసుకుని అక్కడ నడపండి. ఆ సిస్టమ్‌ని మాత్రం ఇంటర్నెట్‌కి కలపొద్దు, అందులో సెక్యూరిటీ రంధ్రాలు లెక్కలేనన్ని. లేదా ఎక్స్‌టర్నల్ మోడెమ్ కొనుక్కోండి, అది కింద చెప్తాను. వర్చువల్ మెషీన్‌లో పాత లినక్స్ వేస్తే సరిపోతుందిగా అని చాలామంది అడుగుతారు. ఇలాంటి పాత ల్యాప్‌టాప్‌లో లోపలి మోడెమ్‌ని వర్చువల్ మెషీన్‌కి అప్పగించడం కుదరదు.

ఇక మీ కేసు, కోడెక్ సిలికాన్ ల్యాబ్స్‌దే అనుకుందాం. డెబియన్‌లో సోర్సెస్ లిస్ట్‌లో నాన్-ఫ్రీ చేర్చుకుని ఎస్‌ఎల్-మోడెమ్-డీమన్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి. ముద్ద 32 బిట్‌ది, మీ సిస్టమ్ కూడా 32 బిట్టే కాబట్టి ఇబ్బంది లేదు. (64 బిట్ వాళ్లు 32 బిట్ లైబ్రరీలు వేసుకుని నడపాలి.) సర్వీస్‌గా పెట్టేముందు ఒకసారి చేత్తో నడిపి చూడండి. రూట్‌గా ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ అని, దానికి ఆల్సా ఆప్షన్, కంట్రీ ఆప్షన్‌లో ఇండియా, చివర డివైస్‌గా హెచ్‌డబ్ల్యూ:1. కంట్రీ పేరు సరిగ్గా ఎలా రాయాలో కంట్రీలిస్ట్ ఆప్షన్ ఇస్తే జాబితా చూపిస్తుంది. అంతా సరిగా ఉంటే, ఫలానా పీటీఎస్ టెర్మినల్‌కి డెవ్ కింద టీటీవైఎస్‌ఎల్0 అనే లింక్ తయారైంది, దాన్నే మోడెమ్‌గా వాడుకో, ఆపాలంటే కంట్రోల్-సీ అని చెప్పి అలాగే నిలబడుతుంది. ప్రాంప్ట్ రాలేదని కంగారుపడి ఆపేయకండి, అది నడుస్తూ ఉండాల్సిందే. ఇంకో టెర్మినల్ తెరుచుకోండి.

డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ మోడెమ్ లేదనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అది మామూలు సీరియల్ పోర్టుల దగ్గరకు వెళ్లి తలుపు తడుతుంది. మీ మోడెమ్‌కి సీరియల్ పోర్టే లేదు, ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ నడిచినప్పుడు మాత్రమే ఆ టీటీవైఎస్‌ఎల్0 పుడుతుంది. కాబట్టి కాన్ఫిగ్ ఫైల్‌ని చేత్తో రాసుకోవాలి. మోడెమ్ దగ్గర ఆ పేరు ఇవ్వండి, క్యారియర్ చెక్ అన్నదానికి నో పెట్టండి. రెండోది లేకపోతే లైన్ కలిసినా, క్యారియర్ సిగ్నల్ కనపడలేదని డయలర్ అక్కడే మొరాయిస్తుంది. మామూలు యూజర్‌గా నడపాలంటే మీ యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూప్‌లో చేర్చండి.

ఇప్పుడు పరీక్ష. మోడెమ్‌తో నేరుగా మాట్లాడే మినీకామ్ అనే ప్రోగ్రామ్‌లో టీటీవైఎస్‌ఎల్0 తెరిచి ఏటీ అని కొడితే ఓకే అని వస్తుంది. చాలామంది ఇక్కడే మోడెమ్ పనిచేసిందని సంబరపడతారు. హార్డ్‌వేర్ మోడెమ్‌లో ఆ ఓకే కార్డు నుంచి వస్తుంది కాబట్టి దానికో అర్థం ఉంది. సాఫ్ట్‌వేర్ మోడెమ్‌లో ఓకే అన్నది మీ సీపీయూలో నడుస్తున్న ప్రోగ్రామే. ఫోన్ వైరు పీకేసినా ఓకే అంటుంది, పిడుగుపాటుకి లైన్ సర్క్యూట్ కాలిపోయి ఉన్నా ఓకే అంటుంది. మన దగ్గర వానాకాలం ఉరుములకి ఫోన్ లైన్ మీదుగా వచ్చిన దెబ్బతో పోయిన మోడెమ్‌లు ఎన్నో. పాత ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ముందు అనుమానించాల్సింది దాన్నే. అందుకని ఏటీడీటీ పక్కన మీ సెల్ నంబర్ కొట్టండి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి సున్నా కలపాలి, మర్చిపోవద్దు. సెల్ మోగిందంటే కోడెక్, లైన్ సర్క్యూట్, వైరు అన్నీ బాగున్నట్టే. ఎత్తి వింటే మోడెమ్ కూత వినపడాలి.

నో డయల్‌టోన్ అని వస్తే వెంటనే హార్డ్‌వేర్ పోయిందనుకోకండి. అదే సాకెట్‌లో మామూలు ఫోన్ పెట్టి టోన్ వినండి. టోన్ ఉంటే, మీ ఎక్స్ఛేంజ్ టోన్‌ని ప్రోగ్రామ్ గుర్తుపట్టడం లేదన్నమాట. ఆఫీసులో ఇంటర్‌కామ్ బాక్స్ వెనక ఉన్న లైన్‌కి ఇది మామూలే. ఏటీఎక్స్3 అని ముందు ఇస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది. బయటి లైన్ కోసం సున్నానో తొమ్మిదో నొక్కాల్సి వస్తే, దాని తర్వాత ఒక కామా పెట్టండి, మామూలుగా రెండు సెకన్లు ఆగి మిగతా నంబర్ కొడుతుంది. ఏటీఎక్స్3 తర్వాత కూడా సెల్ మోగకపోతే అప్పుడు ఎండీసీని అనుమానించండి. అదే ల్యాప్‌టాప్ మోడల్‌కి వచ్చే ఎండీసీ విడిభాగంగా పాత సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు సిలికాన్ ల్యాబ్స్ చిప్ ఉన్నది అడిగి తీసుకోండి.

ఫ్యాక్స్‌కి ఈఫ్యాక్స్ చాలు. ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ క్లాస్ 1 ఫ్యాక్స్ ఇస్తుంది, ఈఫ్యాక్స్‌కి అది సరిపోతుంది. హైలాఫ్యాక్స్ నలుగురు వాడే ఆఫీసుకి బాగుంటుంది, ఒక్క ల్యాప్‌టాప్‌కి అంత హంగామా వద్దు. ఫ్యాక్స్ వెళ్తున్నంతసేపూ మెషీన్ మీద వేరే బరువు పెట్టకండి. శాంపిల్స్ సెకనుకి వేలల్లో వచ్చిపడుతుంటాయి, సీపీయూ ఒక్క క్షణం బ్రౌజర్ వైపు తిరిగి ఆలస్యం చేస్తే అవతలి మోడెమ్ లైన్ పోయిందనుకుంటుంది. మధ్యలో తెగిపోయే ఫ్యాక్స్‌లలో చాలా భాగం ఇలాంటివే, పంపేవాళ్లు మాత్రం లైన్‌ని తిడుతుంటారు.

అయితే మీరు చెప్పని విషయం ఒకటుంది: మావయ్యగారి ల్యాండ్‌లైన్ రాగి తీగ మీద వస్తోందా, ఫైబర్ మీదా? ఇప్పుడు చాలా చోట్ల పాత నంబరే ఉంచి లైన్‌ని ఫైబర్‌కి మార్చేశారు. గోడ మీద ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) ఉండి, ఫోన్ వైరు దాని వెనక నుంచి వస్తుంటే, అది ల్యాండ్‌లైన్‌లా కనిపించే వాయిస్ ఓవర్ ఐపీ. దాంట్లో గొంతుని ప్యాకెట్లుగా కోసి పంపుతారు. అవతల జీ.711 కోడింగ్ వాడుతుంటే మోడెమ్ కొంతవరకు నెట్టుకొస్తుంది. జీ.729 లాంటి కుదింపు ఉంటే మాటలు బాగానే వినపడతాయి, మోడెమ్ మాత్రం చచ్చినా కలవదు, ఎందుకంటే ఆ కుదింపు మనిషి గొంతుకోసం తయారైంది. ఒక్క ప్యాకెట్ ఆలస్యమైనా రెండు మోడెమ్‌ల లెక్క తప్పుతుంది. ఇలాంటి లైన్ మీద ఫ్యాక్స్ వేగాన్ని 9600కి, ఇంకా తెగుతుంటే 4800కి తగ్గించండి. పేజీకి ఇంకో నిమిషం పట్టినా పోయేదేమీ లేదు. ఆపరేటర్ టీ.38 (ఐపీ లైన్ల మీద ఫ్యాక్స్ పంపే పద్ధతి) సదుపాయం ఇస్తుంటే అది అడిగి పెట్టించుకోండి. ఇది చూడకుండా డ్రైవర్‌ని తిట్టుకోవడం అన్యాయం.

రెండో కోరిక, పాత మెషీన్‌కి డయల్ చేసి లాగిన్ అవడం. అవతల ఎంగెట్టీ (మోడెమ్‌కి వచ్చిన కాల్ ఎత్తి లాగిన్ అడిగే ప్రోగ్రామ్) నడుస్తూ ఉంటే అవుతుంది. పెట్టె మీద 56కే అని ఉన్నా రెండు ఇళ్ల మధ్య 33.6 కేబీపీఎస్ దాటదు. వీ.90లోని 56కే వేగానికి ఒక వైపు ఎక్స్ఛేంజ్‌కి నేరుగా డిజిటల్‌గా కలిసి ఉండాలి, అది ఐఎస్‌పీల దగ్గర ఉండేది. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలైన కాలంలో షెల్ అకౌంట్‌తో అక్షరాలు మాత్రమే చూసినవాళ్లకి 33.6 అంటే రాజభోగం. లాగిన్‌కీ, చిన్న ఫైళ్లకీ ఇప్పటికీ బాగానే సరిపోతుంది. డయల్-అప్ ఇంటర్నెట్ కనెక్షన్ కోసం మాత్రం ఆశపడకండి, అమెరికాలో ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబర్ 30తో ఆపేసింది.

కోడెక్ కోనెక్సాంట్‌దో, అగేర్‌దో అని తేలితే నా సలహా మొహమాటం లేకుండా చెప్తాను: లోపలి మోడెమ్‌ని వదిలేసి యూఎస్‌బీ మోడెమ్ కొనండి. తమాషా ఏంటంటే, లోపల కోనెక్సాంట్ అంటే ఏడిపించే కంపెనీయే, యూఎస్‌బీలో సీఎక్స్93010 అనే చిప్‌తో పూర్తి హార్డ్‌వేర్ మోడెమ్ చేసింది. యూఎస్ రోబోటిక్స్ 5637 కూడా అలాంటిదే. ఇవి పెట్టగానే కెర్నల్‌లోని సీడీసీ-ఏసీఎం డ్రైవర్ పట్టుకుంటుంది, కెర్నల్ సందేశాలు చూపే డీఎంఈఎస్‌జీ కమాండ్‌లో టీటీవైఏసీఎం0 అని లైన్ వస్తుంది, అంతే. కానీ యూఎస్‌బీ అన్నంత మాత్రాన హార్డ్‌వేర్ అనుకోవద్దు. 0483:7554 ఐడీతో వచ్చేది స్మార్ట్ లింక్ సాఫ్ట్ మోడెమే, దానికి మళ్లీ కెర్నల్ ముక్క కావాలి. ఆన్‌లైన్‌లో కొంటే "లినక్స్ సపోర్ట్" అన్న మాట నమ్మకుండా, తిరిగి ఇచ్చే వీలున్న చోట కొని, పెట్టగానే టీటీవైఏసీఎం0 వచ్చిందా లేదా చూడండి. రాకపోతే వెనక్కి పంపేయండి. సీరియల్ పోర్టుతో వచ్చే పాత ఎక్స్‌టర్నల్ మోడెమ్ ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే ఇంకా మంచిది, యూఎస్‌బీ-సీరియల్ కేబుల్‌తో ఏ లినక్స్ మీదైనా నడుస్తుంది. టీటీవైఏసీఎం0 కనిపిస్తున్నా బిజీ అంటుంటే మోడెమ్‌మేనేజర్ సర్వీసు దాన్ని పట్టుకుని ఉంటుంది, దాన్ని ఆపండి.

ఇంకో హెచ్చరిక: ఇవన్నీ పనిచేశాక ఉత్సాహంలో ఆ ల్యాప్‌టాప్‌ని డెబియన్ 13కి అప్‌గ్రేడ్ చేయకండి. అందులో 32 బిట్ కెర్నల్ లేదు.

ఇప్పటికి రెండు చూసి చెప్పండి: ఆ ఎంసీ97 ఫైల్ మొదటి లైన్, ఆఫీసులో ఫోన్ వైరు గోడలోంచి వస్తోందా, ఓఎన్‌టీ పెట్టెలోంచి వస్తోందా. సిలికాన్ ల్యాబ్స్, రాగి తీగ అయితే ఈ సాయంత్రమే మొదటి ఫ్యాక్స్ వెళ్తుంది.